చెరువు బోర్డూ, పెన్సిలు టిక్కూ

"బావా, ఈ లోకంలో నేరస్థులు రెండే రకాలు," అన్నాడు మా బావ, కాఫీ కప్పు కింద పెట్టి కిటికీలోంచి దూరంగా చూస్తూ. "నా చేతికి చిక్కినవాళ్ళు, ఇంకా చిక్కనివాళ్ళు. మూడో రకం లేదు."

నిజానికి ఇప్పటిదాకా మొదటి రకం కూడా లేదు. ఆ మాట నేను అనలేదు. ఆయన నా భార్యకు సొంత అన్నగారు, పైగా మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషి.

మా బావ ముప్పై ఏళ్ళు బస్సు డిపోలో, పోయిన వస్తువుల గదిలో పనిచేసి రిటైరయ్యాడు. గొడుగులు, చేతిసంచులు, ఒకసారి ఒక కట్టుడు పళ్ళ సెట్టు. ఆ ముప్పై ఏళ్ళలో ఆయన ఒక్క వస్తువునూ వెతికిన పాపాన పోలేదు. కండక్టర్లు తెచ్చి బల్లమీద పడేసేవాళ్ళు, పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి పట్టుకుపోయేవాళ్ళు. మధ్యలో కూర్చుని రిజిస్టరు రాసిన మనిషికి, అవన్నీ తన బుర్ర వల్లే దొరుకుతున్నాయని ఏ ముహూర్తాన అనిపించిందో గానీ, రిటైరైన మర్నాడే ఒక భూతద్దం కొన్నాడు. మా ఊరొచ్చి మూడు వారాలు కాలేదు, వీధిలో అందరూ ఆయన్ని భూతద్దం అనే పిలుస్తున్నారు. అది బిరుదనుకుంటున్నాడు.

"ఇప్పుడు కేసేమిటి బావా?" అన్నాను. అడక్కపోతే అడిగేదాకా కిటికీలోంచి అలాగే చూస్తాడు.

"మీ గేటు పక్కన ఇనప స్తంభం ఉంది. దానికి నాలుగు చిల్లులున్నాయి. చిల్లులున్నాయంటే ఒకప్పుడు మరలుండేవి. మరలుండేవంటే బోర్డుండేది. ఆ బోర్డు ఏది?"

"ఇంకో కాఫీ తెమ్మననా బావా?" అన్నాను.

ఆ బోర్డు ఎక్కడుందో నాకు తెలుసు. మా మెట్ల కింద సామాన్ల గదిలో, చీపుళ్ళ వెనక, బళ్ళో శిక్షపడిన పిల్లాడిలా గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉంది. నిలబెట్టింది నేనే.

ఇదెలా జరిగిందో చెప్పాలి. మా ఇంటి ముందు రోడ్డు, రోడ్డు దాటితే చెరువు. ఇరవై రెండేళ్ళు మేం దాన్ని చెరువనే అన్నాం. ఇల్లు అమ్ముదామని బ్రోకరును పిలిచిన రోజు నుంచి అది సరస్సయింది. అమ్మాలనుకోవడానికి కారణం నా భార్య మోకాళ్ళు. పడకగది మేడమీద, మధ్యలో పద్దెనిమిది మెట్లు. మెట్టు మెట్టుకీ ఆమె దేవుణ్ణి తలుచుకుంటుంది, కింద నిలబడి నేనూ తలుచుకుంటాను. వాళ్ళ చెల్లెలుండే వీధిలో మెట్లులేని ఇల్లొకటి చూసుకున్నాం. ఇది అమ్ముడైతేనే అది.

అయితే చెరువుకొక జబ్బుంది. ఎండలు ముదిరేసరికి నీళ్ళమీద పచ్చటి పాచి తెట్టెలా కడుతుంది. అందులో దిగిన పిల్లలకు ఒంటినిండా దద్దుర్లు, ఆపైన వాంతులు. ఆరోగ్యశాఖ ఆయన వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, రెండేళ్ళ కిందట ఒక పసుపు రేకు బోర్డు తెచ్చి మా గేటు పక్కన బిగించాడు. చెరువులోకి దిగే మెట్లు సరిగ్గా దానికి ఎదురుగానే ఉన్నాయి మరి.

బ్రోకరు వచ్చిన మొదటిరోజు ఆ బోర్డు ముందు నిలబడి, పోయినవాళ్ళకు సంతాపం తెలిపినట్టు ఒక నిమిషం మాట్లాడలేదు.

"తీసెయ్యమని నేననను సార్. అది ప్రభుత్వానిది," అన్నాడు చివరికి. "కానీ దుమ్ము పట్టింది. తుడవాలంటే విప్పాలి కదా. తుడిచాక ఆరబెట్టాలి కదా."

"ఎన్నాళ్ళు ఆరాలి?"

"రిజిస్ట్రేషన్ అయ్యేదాకా సార్."

నవ్వాను. ఆ నవ్వినవాణ్ణే మర్నాడు పొద్దున స్క్రూడ్రైవరు పట్టుకుని గేటు దగ్గర ఉన్నాను.

ఆ తర్వాత కాగితం వచ్చింది. ఇల్లమ్మేవాళ్ళు నింపి ఇవ్వాల్సిన ప్రకటన పత్రం. గోడలు చెమ్మగిల్లుతాయా, చెదలున్నాయా, అంటూ ప్రశ్నలు. పద్నాలుగో ప్రశ్న ఇది: "జనం ఈతకూ ఆటకూ దిగే నీళ్ళు ఇంటి దగ్గరలో ఉంటే, వాటివల్ల ఆరోగ్యానికి హాని ఉందా?" ఎదురుగా మూడు గళ్ళు. ఉంది, లేదు, తెలియదు. బ్రోకరు ముందే "తెలియదు" గడిలో పెన్సిలుతో సన్నగా టిక్కు పెట్టి తెచ్చాడు.

"మీరు దానిమీద సిరా దిద్దితే చాలు సార్. మా దగ్గర పద్ధతి ఇదే. 'లేదు' అంటే అబద్ధమవుతుంది. ఉందంటే ఇల్లు మీకే మిగులుతుంది. తెలియదంటే ఏ పాపమూ అంటదు."

పాపపుణ్యాలు బ్రోకరు చెబితే తెలుసుకునే స్థితికి వచ్చానని మర్నాడు పొద్దున దేవుడి పటం ముందు కూర్చున్నప్పుడు తోచింది. అన్నీ తెలిసినవాడి ఎదుట కూర్చుని, కళ్ళెదుటి చెరువు సంగతి తెలియదన్నవాడు ఇంక ఏమని దణ్ణం పెట్టుకోవాలి? సిరా దిద్దలేదు. పెన్సిలు చెరపనూ లేదు. కాగితాన్ని పటం వెనక దోపాను. ఆయనే ఏదో ఒకటి చూసుకుంటాడని.

కొనేవాళ్ళు మంచివాళ్ళు. ఆయనకు కళ్ళద్దాల దుకాణం. ఆవిడ నిక్కచ్చి మనిషి, పంపులన్నీ తిప్పి చూసింది. ఏడేళ్ళ కూతురు. ఆ పిల్ల మొదటిసారి వచ్చినప్పుడే ఈత కళ్ళద్దాలు నుదుటిమీద పెట్టుకుని వచ్చింది. బిస్కట్లు తింటున్నప్పుడు కూడా తియ్యలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ గేటు దగ్గర ఆగి, "ఈ స్తంభం దేనికండీ?" అంది. "వీధి పేరు రాయడానికమ్మా," అన్నాడు బ్రోకరు, రెప్ప వెయ్యకుండా.

అదిగో, మా బావ అప్పుడు అక్కడే ఉన్నాడు.

"వీధి పేరు మలుపులో ఉంది," అన్నాడిప్పుడు, గొంతు తగ్గించి. "ఒక వీధికి రెండు పేర్లుండవు. ఏదో దాస్తున్నారు బావా. ఆదివారం వాళ్ళు సంతకాలకు వచ్చేలోపు ఈ ముడి విప్పకపోతే నా పేరు భూతద్దమే కాదు."

నిజంగానే ఆయన పేరు భూతద్దం కాదు. అది కూడా నేను అనలేదు.

*

దర్యాప్తు పక్కింటి టీచరమ్మతో మొదలైంది. ఆవిడ ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పింది. ఆవిడ ఇల్లు కూడా పోయిన నెల నుంచి అమ్మకానికుంది.

"అమ్మా, మీ ఎదురుగా ఉన్న నీళ్ళు ఏ రంగులో ఉంటాయి?" అన్నాడు బావ, నోటుబుక్కు తెరిచి.

టీచరమ్మ నావైపు చూసింది. నేను ఆవిడ పూలకుండీ వైపు చూశాను.

"తెలియదండీ," అంది.

"కిటికీ తెరవరా?"

"తెరుస్తానండీ. చూడను."

బావ భూతద్దంలోంచి ఆవిడ మొహాన్ని పరీక్షగా చూసి, ఏదో రాసుకున్నాడు.

అక్కణ్ణుంచి పడవలాయన దగ్గరికి వెళ్ళాం. తొక్కుడు పడవలు అద్దెకిస్తాడు. తొడలదాకా రబ్బరు బూట్లు, మోచేతులదాకా రబ్బరు తొడుగులు వేసుకుని మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఒక పడవను కడుగుతున్నాడు.

"ఈ నీళ్ళు ఎలా ఉంటాయోయ్?"

"ఏ నీళ్ళండీ?"

"నువ్వు నిలబడ్డ నీళ్ళు."

ఆయన కిందికి చూసి ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడు. "వీటి సంగతి నాకేం తెలుసండీ? నేను పడవల మనిషిని."

"మరి ఆ తొడుగులెందుకు?"

"చలికండీ."

ఎండకు మాడు పగిలిపోతోంది. బావ నా చెవిలో, "వేలిముద్రలు దాస్తున్నాడు," అన్నాడు.

సాక్ష్యం కావాలని తనే మెట్లు దిగి, మోచెయ్యి మునిగేదాకా వంగి ఒక జాము సీసా నిండా నీళ్ళు పట్టాడు. "బావా, వద్దు," అన్నాను. "ఎందుకు వద్దు?" అన్నాడు. ఎందుకో చెప్పాలంటే తెలుసని ఒప్పుకోవాలి. "చొక్కా తడుస్తుంది," అన్నాను.

గట్టుమీదికొచ్చి బావ చాలాసేపు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"నాకు అర్థమైపోయింది," అన్నాడు. "ఇది బోర్డు దొంగతనం కాదు బావా. మహా కుట్ర. ఈ వీధిలో జ్ఞాపకశక్తిని దొంగిలిస్తున్నారు."

"ఏమిటీ?"

"చెరువులో ఏదో కలుపుతున్నారు. ఆ గాలి పీల్చినవాడికి అన్నీ గుర్తుంటాయి, చెరువు సంగతొక్కటే గుర్తుండదు. టీచరుకి కిటికీ గుర్తుంది, నీళ్ళు గుర్తులేవు. అతనికి పడవ గుర్తుంది, నీళ్ళు గుర్తులేవు. నువ్వూ ఇక్కడే ఉంటావు కాబట్టి నిన్నూ పరీక్షించాలి. భయపడకు. ఆ బోర్డు ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెలియదు," అన్నాను.

ఒక్క మాటే. కాగితం మీద అది టిక్కులా ఉంది, ఇంకా సిరా కూడా పడలేదు. నోట్లోంచి వచ్చేసరికి మాత్రం మామూలు అబద్ధంలా ఉంది. చిన్నప్పుడు బెల్లం తిని మూతి తుడుచుకుని చెప్పిన అబద్ధానికీ దీనికీ తేడా ఏమిటా అని ఆలోచించాను. ఆ బెల్లం వల్ల ఎవరికీ వాంతులు కాలేదు.

బావ నా చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. "పాపం, నీకూ సోకింది," అన్నాడు, ఎంతో జాలిగా.

శనివారానికి ఆయన కుడిచెయ్యి మోచేతిదాకా ఎర్రగా పొంగింది. గోక్కుంటూనే, "శత్రువులు నామీద విషం ప్రయోగించారు," అని ప్రకటించాడు. నా భార్య మందు రాస్తూ తల వంచుకునే, "అన్నయ్య చెరువులో చెయ్యి పెడుతుంటే మీరు పక్కనే ఉన్నారా?" అని నన్నడిగింది.

"ఉన్నాను."

ఇంకేమీ అడగలేదు. ఆమె ఏమీ అడగనప్పుడే నాకు భయం.

*

ఆదివారం పొద్దున మా ముందుగది కిక్కిరిసింది. బ్రోకరు, కొనేవాళ్ళు ముగ్గురూ సంతకాలకు వచ్చారు. టీచరమ్మనీ పడవలాయననీ బావ పిలిపించాడు. తలుపు దగ్గర తనే నిలబడ్డాడు, ఎవరూ పారిపోకుండా. ఎవరికీ పారిపోవాలని లేదు. అందరి చేతుల్లోనూ కాఫీ ఉంది.

కళ్ళద్దాల ఆయన చాలాసేపు తటపటాయించి, "మీరేం అనుకోకపోతే ఒకమాట," అన్నాడు బావతో. "ఆ అద్దాన్ని అంత దూరం పట్టుకుంటే అన్నీ తలకిందులుగా కనిపిస్తాయి."

"తెలుసు," అన్నాడు బావ. "నేరస్థుడు లోకాన్ని అలాగే చూస్తాడు."

మా పాత టీపాయ్ కాలు విరిగి వడ్రంగి దగ్గరుంది. నా భార్య రెండు ముక్కాలి పీటల మీద ఏదో పలక అడ్డంగా వేసి, పూల గుడ్డ కప్పి, బిస్కట్ల పళ్ళెం పెట్టింది. బ్రోకరు పటం వెనకనుంచి నేను తెచ్చిచ్చిన కాగితాన్ని దానిమీద పరిచి, నా చేతికి పెన్ను ఇచ్చాడు. అప్పుడు చూశాను. గుడ్డ అంచు కింద బెత్తెడు మేర పసుపురంగు.

నా భార్య వైపు చూశాను. ఆమె కప్పులు సర్దుతోంది.

"పద్నాలుగోది ఒక్కటే సార్," అన్నాడు బ్రోకరు మెల్లగా. "దిద్దెయ్యండి."

"ఆగండి," అన్నాడు బావ.

గది మధ్యకొచ్చి, సంచీలోంచి జాము సీసా తీసి, మూత విప్పి, ఠపీమని బిస్కట్ల పక్కన పెట్టాడు. మూడురోజులు ఎండలో ఉన్న చెరువు నీళ్ళు. ఆ వాసనకు టీచరమ్మ కాఫీ కప్పును ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పెద్దలారా, ఈ గదిలో ఒక నేరస్థుడున్నాడు," అన్నాడు బావ. "వాడెంత గడుసువాడంటే, ఇప్పుడు కూడా అమాయకుడిలా కూర్చుని ఉన్నాడు. వాణ్ణి నేను ఈ వేలితో..."

వేలు చాచాడు. అదే చేతికి దురద పుట్టింది. గోక్కోవడానికి రెండో చెయ్యి విసురుగా తిప్పాడు. సీసా పల్టీ కొట్టింది. పచ్చటి నీళ్ళు గుడ్డమీదా, బిస్కట్లమీదా, బ్రోకరు ఒళ్ళోనూ పడ్డాయి. అందరూ కాళ్ళు పైకెత్తుకున్నారు. నేను కాగితం లాక్కున్నాను. నా భార్య గుడ్డను లాగేసింది. బావ, నేలంతా తడుస్తోందని ఆ పలకను రెండు చేతులా ఎత్తి, నీళ్ళు కారిపోవడానికి నిలువుగా గుండెలకు ఆనించి పట్టుకున్నాడు. ప్రసంగం మాత్రం ఆపలేదు.

"ఎవరూ కదలకండి. నేర నిరూపణ మధ్యలో ఇలాంటి అంతరాయాలు మాకు మామూలే. ఆ బోర్డు ఈ ఇంట్లో లేదు. ఈ వీధిలోనే లేదు. నా లెక్క ప్రకారం దాన్ని ముక్కలు చేసి, అర్ధరాత్రి పడవలో తీసుకెళ్ళి, చెరువు నడిమధ్యన..."

"ప్ర-మా-దం," అంది చిన్నపిల్ల.

"మధ్యలో మాట్లాడకూడదు తల్లీ."

"ఈ నీ-ళ్ళ-లో ది-గ-రా-దు. చర్మ... చర్మ వ్యాధులు, వాంతులు వచ్చును. పిల్లలను దూరముగా ఉంచవలెను."

"ఏమిటమ్మా చదువుతున్నావు?"

"నీ పొట్టమీద ఉన్నది, తాతయ్యా."

బావ పలకను తిప్పాడు. జానెడేసి ఎర్రటి అక్షరాలు. జేబులోంచి భూతద్దం తీసి, మొదటినుంచి చివరిదాకా ఒక్కొక్క అక్షరమూ చదివాడు.

"నేను ఊహించినట్టే జరిగింది," అన్నాడు తలెత్తి. "ముప్పై ఏళ్ళ అనుభవం. పోయిన వస్తువులు వాటంతటవే నా దగ్గరికొస్తాయి."

జీవితంలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

"ఇది ఆ స్తంభం మీదిదేనా?" అంది కొనే ఆవిడ. బ్రోకరును కాదు, నన్ను అడిగింది.

"సార్‌కి తెలియదమ్మా," అన్నాడు బ్రోకరు, జేబురుమాలుతో ఒళ్ళో పాచి దులుపుకుంటూ.

"తెలుసు," అన్నాను. "విప్పింది నేనే. దాచింది నేనే."

"బావా, నువ్వు ఊరుకో," అన్నాడు బావ. "నీకు జబ్బు సోకింది. నువ్వేం మాట్లాడుతున్నావో నీకు తెలియదు."

కొనే ఆవిడ ఆయన్ని పట్టించుకోలేదు. "మీ ఇంటికి చుట్టాల పిల్లలు వస్తారు కదా. వాళ్ళను చెరువులో దిగనిస్తారా?"

"గేటుకు తాళం వేస్తానమ్మా."

"అంటే ఆ తాళంచెవి మాకు ఇచ్చి వెళ్ళేవారు. ఎందుకో చెప్పకుండా."

దేవుడు ఏదో ఒకటి చూసుకుంటాడని కాగితం పటం వెనక పెట్టాను కదా. చూసుకున్నాడు. ఇలా చూసుకుంటాడని మాత్రం అనుకోలేదు. పెన్ను తీసి, పెన్సిలు టిక్కును అలాగే వదిలేసి, "ఉంది" గడిలో టిక్కు పెట్టాను. అది గడి దాటి పోయింది. కింద సంతకం చేశాను. బ్రోకరు కళ్ళు మూసుకున్నాడు.

టీచరమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది. "పచ్చగా ఉంటాయండీ నీళ్ళు. ఎండాకాలంలో మరీను. పోయినేడు మా కుక్క తాగి నాలుగురోజులు లేవలేదు."

పడవలాయన తొడుగు లాగి, పొలుసులు లేచిన చెయ్యి చూపించాడు. "చలి కాదండీ," అన్నాడు.

"చూశావా బావా?" అన్నాడు మా బావ, కళ్ళనీళ్ళ పర్యంతమై. "జ్ఞాపకశక్తి తిరిగొచ్చేసింది. నా విరుగుడు పనిచేసింది."

కొనేవాళ్ళు కాగితం నకలొకటి అడిగి తీసుకుని లేచారు. ఆలోచించుకుని చెబుతామన్నారు. అలా అన్నవాళ్ళు ఏం చెబుతారో ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్ళకు తెలుసు. గుమ్మం దగ్గర ఆ పిల్ల ఈత కళ్ళద్దాలు తీసి తల్లి సంచీలో వేసింది. నుదుటిమీద రెండు గుండ్రటి అచ్చులు మిగిలాయి. కళ్ళద్దాల ఆయన నాతో కరచాలనం చేశాడు. ఎందుకో అర్థంకాలేదు. ఆవిడ మాత్రం చెయ్యలేదు. అది అర్థమైంది.

అందరూ వెళ్ళాక నా భార్య నేల ఊడవడానికి చీపురు తెచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఇంట్లో చీపురు పట్టేది నేను. చీపుళ్ళ వెనక దాచారు మీరు."

"మరి అడగలేదే?"

"చెబుతారేమోనని చూశాను." చీపురు కదిలిస్తూ, "ఇవాళ మాత్రం పలక దొరక్కే వేశాను," అంది. నమ్మమంటే నమ్ముతాను.

"మరి నీ మోకాళ్ళు?"

"మోకాళ్ళు నావి. మెట్లు నేనెక్కుతాను. ఆ బోర్డును మీరెక్కించండి."

స్టూలు వేసుకుని ఎక్కాను. బావ కిందనుంచి స్టూలు పట్టుకున్నాడు, మధ్యమధ్య గోక్కోవడానికి వదిలేస్తూ. నాలుగు మరలూ నా జేబులోనే ఉన్నాయి, విప్పిన రోజునుంచీ. ఒక్కొక్కటే తీసి బిగిస్తుంటే బావ వాటిని చూస్తూ ఉన్నాడు. ఎక్కడివని అడగలేదు.

నాలుగోది బిగించాక నోటుబుక్కు తెరిచాడు.

"కేసు ముగిసింది. ఒక్క గడి మిగిలింది బావా. దొంగ ఎవరు?"

"నేనే. అందరిముందూ చెప్పాను కదా."

బావ భూతద్దం తీసి నన్ను చూశాడు. ఈసారి దగ్గరగా పట్టుకుని చూశాడు. తర్వాత నా భుజం తట్టి, చెవి మీది పెన్సిలు తీసి, ఆ గడిలో "తెలియదు" అని రాసుకున్నాడు.

సిరా మాత్రం దిద్దలేదు.